ఇంటి పనిముట్లు: టార్చిలైటుకు కందెన

ఈ నెల మేము ఎన్నుకున్న విషయం చూసి కొందరు పాఠకులు నవ్వుకోవచ్చు. టార్చిలైటు మూతకు ఏ గ్రీజు పూయాలనేది కూడా ఒక విషయమేనా, దానికి పత్రికలో ఇన్ని పుటలా అని అడగవచ్చు. చేతిలో సెల్‌ఫోను వుండగా టార్చితో పనేమిటని పిల్లలు అననే అంటారు. వారందరికీ మా మనవి ఒక్కటే: ఓపికగా చివరిదాకా చదవండి, ఆ పైన కూడా నవ్వు వస్తే నవ్వండి, మేమేమీ అనుకోము.

దీపాల విషయంలో మన ఊరికి ఒక ఘనత వున్నది. శివనసముద్రం దగ్గర కావేరి జలపాతం నుంచి పుట్టిన విద్యుత్తు 1902లో కోలారు బంగారు గనులకు వెళ్ళింది. 1905లో ఆ వెలుగే బెంగుళూరు వీధులకు వచ్చింది. నూట ఇరవై ఏళ్ళ క్రిందటే వీధిదీపాలు వెలిగిన ఊరు మనది. ఐనా నేటికీ ఒక పెద్దవాన కురిస్తే ఏమవుతుందో మనలో తెలియనివారు లేరు. 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు, సర్జాపుర రోడ్డు వైపు ఇళ్ళలోకి నీళ్ళు వచ్చి, జనాన్ని ట్రాక్టర్ల మీదా పడవల మీదా తరలించిన రోజులు గుర్తున్నవి కదా! నేలమాళిగలోకి నీరు చేరిందంటే ముందు కరెంటు ఆపివేస్తారు. లిఫ్టు ఆగిపోతుంది. మెట్లు చీకటి. ముసలివారిని చేయి పట్టుకుని దింపాలి. అప్పుడు సెల్‌ఫోనును దీపంగా వాడుకుంటే, తెల్లవారేసరికి మనవారిని పిలవడానికి అందులో ప్రాణం వుండదు. మాటకు ఫోను, వెలుగుకు టార్చి - దేని పని దానిదే.

మన ఊరి సంగతి ఇట్లా వుండగా, మన సొంత ఊళ్ళ సంగతి ఇంకా పెద్దది. ఎన్ని తరాలుగా ఇక్కడ స్థిరపడినా మనలో చాలా కుటుంబాలకు చిత్తూరు, అనంతపురం జిల్లాలలోనో, హిందూపురం, మదనపల్లె చుట్టుపక్కలనో ఒక పాత ఇల్లు, కొంత చేను, చూసుకునే ఒక చిన్నాన్నో పెదనాన్నో వుంటారు. రాత్రివేళ మోటారు వేయడానికి చేనిగట్టు మీద నడిచి వెళ్ళే ఆ మనిషిని ఒకసారి తలచుకోండి. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్ళలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షలమంది మరణించారని 2020లో వెలువడిన ఒక పరిశోధన లెక్కగట్టింది. సగటున ఏడాదికి 58 వేలమంది. మరణాలు ఎక్కువగా వున్న ఎనిమిది రాష్ట్రాలలో, తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. చనిపోయినవారిలో ఎక్కువమంది పల్లెలవారే. కట్లపాము రాత్రిపూట తిరిగేది. చప్పుడు చేయదు, బుసకొట్టదు. చీకట్లో కాలిముందు నాలుగడుగుల మేర పడే వెలుగూ, కాళ్ళకు బూట్లూ - రైతుకు ఈ రెండే రక్ష. కాటుపడితే మంత్రాలూ, గాట్లూ, గట్టి కట్లూ పనికిరావు. మనిషిని కదలనీయకుండా, విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి వెంటనే చేర్చడమే మార్గమని వైద్యులు చెబుతూనే వున్నారు.

అందుచేత ఊరికి వెళ్ళినప్పుడు మనం పట్టుకువెళ్ళే మంచి టార్చి ఒక వేడుక వస్తువు కాదు. అది వెలగవలసిన క్షణాన వెలగాలి. వెలగకపోవడానికి కారణం చాలాసార్లు బల్బూ కాదు, బ్యాటరీ కాదు. మూత దగ్గర వుండే మరచుట్లూ, అక్కడి చిన్న రబ్బరు ఉంగరమూ. మన శీర్షిక వాటిని గురించే.

మూడు పనుల మర

టార్చిలైటు పుట్టి నూట పాతికేళ్ళు దాటింది. డేవిడ్ మైజెల్ అనే ఆయన చేతిలో పట్టుకునే విద్యుద్దీపానికి 1899 జనవరిలో అమెరికాలో పేటెంటు పొందాడు. ఆ రోజుల బ్యాటరీలు బలహీనం. దీపాన్ని ఎక్కువసేపు వెలిగించి వుంచలేకపోయేవి. ఇలా మెరిపించి అలా ఆర్పేవారు గనుక దానికి అక్కడ మెరుపుదీపమనే అర్థంలో ఫ్లాష్‌లైటని పేరు వచ్చింది. మనకు మాత్రం అది టార్చే - చేతి దివిటీ.

మన తాతల కాలం టార్చి ఇత్తడి గొట్టం, పైన తళతళలాడే పూత, లోపల రెండు లావు బ్యాటరీలు. నేటి మంచి టార్చి అల్యూమినియం గొట్టం. లోపల చాలావాటికి తిరిగి ఛార్జి చేసుకునే లిథియం బ్యాటరీ. వేషం మారినా మూత దగ్గర మర మాత్రం అట్లాగే వున్నది. ఆ మర చేసే పనులు మూడు. మొదటిది, మూతను గొట్టానికి బిగించి పట్టుకోవడం. రెండవది, రబ్బరు ఉంగరాన్ని నొక్కిపట్టి నీటినీ దుమ్మునూ లోపలికి రానీయకుండడం. మూడవది చాలామందికి తెలియదు: లోహపు టార్చీలలో ఎక్కువవాటికి గొట్టమే ఒక తీగ. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు వెనుక మూత మీదుగా గొట్టంలోకి ప్రవేశించి, తల దగ్గరకు చేరితేగాని దీపం వెలగదు. ఈ మూడవ పని మరచి గ్రీజు పూసినవారే దీపం మిణుకుమిణుకుమంటున్నదని దుకాణానికి పరుగెత్తేది.

ఇక రబ్బరు ఉంగరం. దుకాణాలలో దీన్ని ఓరింగు అంటారు. నీల్స్ క్రిస్టెన్‌సెన్ అనే డెన్మార్కు దేశస్థుడు అమెరికాలో స్థిరపడి, ముసలితనంలో దీని మీద కృషి చేసి 1939లో పేటెంటు పొందాడు. చూడడానికి గాజు కంటె చిన్నది, ధరకు కొద్ది రూపాయలది. కాని 1986 జనవరి 28న అమెరికావారి చాలెంజర్ అంతరిక్ష నౌక ఆకాశంలో బద్దలై ఏడుగురు మరణించడానికి మూలం ఇటువంటి రబ్బరు వలయమే. ఆ ఉదయపు చలికి అది బిరుసెక్కి, వెంటనే విచ్చుకొని సందు మూయలేకపోయింది. విచారణ సంఘంలో వున్న ఫైన్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ రబ్బరు ముక్కను ఒక మంచునీళ్ళ గ్లాసులో ముంచి తీసి, అది సాగే గుణం ఎలా కోల్పోయిందో అందరి ఎదుటా చూపించాడు. మన టార్చికి అంత ఆపద లేదు. ఐనా సూత్రం ఒక్కటే: నీటిని ఆపేది గ్రీజు కాదు, నొక్కుకుపోయి తిరిగి విచ్చుకునే రబ్బరు. గ్రీజు పని ఆ రబ్బరు చిరగకుండా, మెలిపడకుండా, ఎండిపోకుండా జారనివ్వడమే. ఆవకాయ జాడీకి వాసెన గట్టిగా కట్టకుండా పైన ఎంత నూనె పోస్తే మాత్రం లాభమేమి?

ఎందుకు బిగుసుకుంటుంది?

అల్యూమినియం మెత్తని లోహం. ఒకే లోహపు మరలు రెండు, ఎండిపోయి, ఒకదానిపై ఒకటి రాసుకుంటే పైపొర లేచి ఒకదాని రేణువులు ఇంకొకదానికి అంటుకుపోతవి. అప్పుడు తిప్పుతుంటే ఇసుక నలిగినట్లు కరకరమంటుంది. దానికి తోడు, అల్యూమినియం మీద ఏర్పడే పొర సామాన్యమైనది కాదు. కెంపు, నీలం, కురువిందపు రాయి - ఇవన్నీ రసాయన దృష్టితో చూస్తే అల్యూమినియమూ ఆమ్లజనీ కలిసిన ఆ పదార్థమే. అంటే మర సందులలో చేరిన ఆ నల్లని మడ్డిలో సానరాయి పొడి కలిసి వున్నదన్నమాట. దాన్ని తుడవకుండా పైన కొత్త గ్రీజు పూయడం, గచ్చు కడగకుండా ముగ్గు వేయడం వంటిది.

మూడవ శత్రువు కారిపోయిన బ్యాటరీ. ఆరునెలలు అలమరలో పడివున్న టార్చిలో పాత సెల్లు వూరి, లోపల తెల్లగా పొంగుతుంది. ఆల్కలైన్ సెల్లులోని క్షారం అల్యూమినియాన్ని తినివేస్తుంది. అందుకు ఏ గ్రీజూ మందు కాదు. వాడని టార్చిలోంచి సెల్లు తీసి వేరే పెట్టుకోవడమే మందు.

వంటింటి అలమరలో వెదికితే

మూత బిగుసుకుంటే మన ఇళ్ళలో మొదట చేయి పోయేది కొబ్బరినూనె సీసా మీదికి. ఇది తగదు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. మార్గశిర పుష్యమాసాలలో తెల్లవారుజామున మన ఊళ్ళో వేడి 15, 16 డిగ్రీలకు దిగుతుంది. స్నానాల గదిలో సీసాను వేడినీళ్ళలో పెట్టి కరిగించుకోవడం మన అందరి అనుభవమే. అట్లాగే మరలో కూడా గడ్డకడుతుంది. ఎండాకాలంలో నీరై బ్యాటరీ గొట్టంలోకి కారుతుంది. కాలం గడిచినకొద్దీ గాలి తగిలి ముక్కవాసన వేసి, జిగురుగా మారుతుంది. మేమెరిగిన ఒక ఇంట్లో తిరుమల నడకదారికి ప్రత్యేకంగా కొన్న టార్చి, మూతకు రెండేళ్ళ క్రిందట రాసిన కొబ్బరినూనె బంకగా మారి, అలిపిరి మెట్ల దగ్గర నలుగురు పట్టినా తెరుచుకోలేదు.

ఆముదం కొంత మేలు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మనకొక సామెత. ఆ కందెన వేరేమీ కాదు, ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి ఇరుసుకు పూసేది. పెద్దలు ఊరికే ఎన్నుకోలేదు: ఆముదం చిక్కన, లోహాన్ని పట్టుకొని వుంటుంది, సహజ రబ్బరును పాడుచేయదు. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల ఇంజన్లకు ఆముదమే వాడారు. నేడు కారు చక్రాలకు వేసే లిథియం గ్రీజులో ముఖ్యమైన సబ్బుభాగం కూడా ఆముదంలోంచి తీసిన కొవ్వు ఆమ్లంతోనే తయారవుతుంది. ఇంత వంశప్రతిష్ఠ వున్నా, పచ్చి ఆముదం కూడా కాలక్రమాన చిక్కబడి బంకవుతుంది. ఎద్దుబండికి వారం వారం కందెన వేసేవారు గనుక అక్కడ చెల్లింది. ఏడాదికి రెండుసార్లు తెరిచే టార్చికి చెల్లదు.

వాసెలీను. చీజ్‌బరో అనే అమెరికా రసాయనికుడు 1872లో దీనికి పేటెంటు పొందాడు. నూనెబావుల పంపులకు అంటుకునే మైనంలోంచి దీన్ని తీశాడు. ఇది ముక్కిపోదు, నీటిలో కరగదు. టార్చిలోని ఉంగరం నైట్రిలు రబ్బరుదైతే - చాలావాటిలో అదే - వాసెలీను దానికి పెద్దగా హాని చేయదు. కాని ఉంగరం సహజ రబ్బరుదో, ఇ.పి.డి.ఎం. అనే రకానిదో, సిలికాన్‌దో ఐతే వాసెలీను పీల్చుకొని ఉబ్బిపోతుంది. ఉబ్బిన ఉంగరం గాడిలో పట్టక, మూత తిప్పినప్పుడు నలిగి తెగుతుంది. పైగా ఎండలో నిలిపిన కారులో వాసెలీను కరిగి జారిపోతుంది. ప్రయాణంలో మరేమీ దొరకనప్పుడు వేలికొసన రాయవచ్చు, నిత్యవాడకానికి వద్దు.

కుట్టుమిషను నూనె పలుచన. పూసిన వారానికి అది వున్నచోట వుండదు.

డబ్ల్యూ.డి.-40 వంటి చిమ్మే నూనెలు మన ఇళ్ళలో సర్వరోగ నివారిణి ఐ కూర్చున్నవి. ఇది 1953లో అమెరికాలో పుట్టినది. లోహం మీది తేమను తొలగించడానికి చేసిన నలభయ్యవ ప్రయత్నమని దాని పేరులోనే వున్నది. బిగుసుకున్న మూతను సడలించడానికి ఇది మంచిదే. కాని అందులోని ద్రావకం ఆవిరైన తరువాత మిగిలేది పలుచని నూనెపొర మాత్రమే. ఇటువంటి ద్రావకాలు కొన్ని ప్లాస్టిక్ అద్దాలకు చీలికలు తెస్తవి, కొన్ని రబ్బర్లను ఉబ్బిస్తవి. కనుక దానితో మూత తెరిచి, పూర్తిగా తుడిచి, ఆ పైన సరైన గ్రీజు పూయాలి.

సైకిలు గ్రీజు, కారు గ్రీజు ఖనిజనూనెతో చేసినవి. వాసెలీనుకు చెప్పినదే వీటికీ వర్తిస్తుంది. వాటిలో నల్లని గ్రాఫైటు కలిసినదీ, రాగిపొడి కలిసినదీ మాత్రం అల్యూమినియం దగ్గరకు రానీయవద్దు. తేమ తగిలితే ఈ రెండూ అల్యూమినియంతో కలిసి చిన్న బ్యాటరీలాగా పనిచేసి, అల్యూమినియాన్నే తినివేస్తవి.

సరైనది ఏది?

ఇంటివాడకానికి మేము చెప్పేది చిక్కని సిలికాన్ గ్రీజు. నీటి కుళాయిలకూ, కవాటాలకూ, ఓరింగులకూ వాడేది. మోలికోట్ 111 వంటివి ఈ జాతివే. ఇది చలికి గడ్డకట్టదు, ఎండకు కారదు, నీటికి కడుక్కుపోదు, ఏళ్ళతరబడి బంకకాదు. నైట్రిలు, ఇ.పి.డి.ఎం., ప్లాస్టిక్ - వేటికీ హాని చేయదు. ఒక్క మినహాయింపు: ఉంగరమే సిలికాన్ రబ్బరుదైతే అది తన జాతి నూనెను పీల్చుకొని ఉబ్బవచ్చు. ఎర్రగానో, పాలవన్నెగానో, మరీ మెత్తగానో వున్న ఉంగరాలను ఈ విషయంలో అనుమానించాలి. నల్లనివి చాలావరకు నైట్రిలువి. ఐనా రంగు ఒక్కటే సాక్ష్యం కాదు. టార్చితోపాటు డబ్బాలో వచ్చే అదనపు ఉంగరం ఒకటి తీసి, దానికి గ్రీజు బాగా పూసి ఒక చిన్న మూతలో వారంరోజులు వుంచండి. పూయని ఉంగరం పక్కన పెట్టి చూస్తే, ఉబ్బినదీ లేనిదీ కంటికే తెలుస్తుంది. ఈ పరీక్షకు ఖర్చు లేదు.

ఉంగరం ఏ రకమైనా భయంలేని గ్రీజు ఒకటున్నది. 1938లో ప్లంకెట్ కనిపెట్టిన పదార్థం - మన దోసెపెనాల మీద టెఫ్లాన్ పూతగా వుండేది - దాని పొడిని, అదే కుటుంబపు నూనెలో కలిపి చేస్తారు. క్రైటాక్స్ అనేది అందులో పేరుపొందినది. ఏ రబ్బరుతోనూ, ఏ ప్లాస్టిక్కుతోనూ కలహించదు. కాని దాని ధర బంగారపు పనివారి తూకంలో వుంటుంది. కర్మాగారాలకు అవసరం కావచ్చు; మన ఇంటి టార్చికి అక్కరలేదు.

ఇక కొనుగోలు. మన ఊళ్ళో ఇటువంటి వాటికి టౌన్‌హాలు వెనుక సదర్ పత్రప్ప రోడ్డు - అందరూ ఎస్.పి. రోడ్డు అనేది - జె.సి. రోడ్డు, ఈ రెండూ చాలు. ఆ ప్రాంతంలో కన్నడంలో అడిగినా, తెలుగులో అడిగినా, ఉర్దూలో అడిగినా జవాబు దొరుకుతుంది. కాని ఏ భాషలో అడిగినా ఒక జాగ్రత్త అవసరం. సిలికాన్ అన్న పేరుతో మూడు వేరువేరు వస్తువులు అక్కడ వున్నవి. ఒకటి, కంప్యూటర్లలో వేడిని లాగడానికి పూసే తెల్లని ముద్ద. దీన్ని కూడా సిలికాన్ గ్రీజనే ఇస్తారు. ఇందులో తరచు యశదభస్మం పొడి కలిసి వుంటుంది. మరకూ పనికిరాదు, ఉంగరానికీ పనికిరాదు. రెండవది, కిటికీ అద్దాల సందులు పూడ్చే సిలికాన్ సీలెంటు. ఇది గ్రీజు కాదు, జిగురు. చాలావాటికి వెనిగరు వాసన వస్తుంది. దీన్ని మూతకు పూస్తే ఆ టార్చి ఇక మీది కాదనుకోండి. మూడవదే మనకు కావలసినది. “ఓరింగుకూ, కుళాయికీ వేసేది, ఎండినా గట్టిపడనిది” అని అడిగి, గొట్టం మీద వ్రాసినది చదివి తీసుకోవాలి. చిన్న గొట్టం ఒకటి ఇంటికి ఏళ్ళతరబడి వస్తుంది. అక్కడే ఉంగరాలు కూడా కొలత చెబితే దొరుకుతవి: లోపలి వ్యాసమెంత, లావెంత అనే రెండు కొలతలు మిల్లీమీటర్లలో వ్రాసుకు వెళ్ళండి, పాత ఉంగరాన్ని పొట్లంకట్టి వెంట తీసుకుపోవడం ఇంకా మేలు.

పూసే విధానం

ముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. పాత గుడ్డతో మరను తుడవండి. దారాలు రాలే గుడ్డ వద్దు. సందులలోని నల్లమడ్డికి పాత పళ్ళబ్రష్షు మంచి సాధనం. గట్టిగా పట్టిన మురికికి మందుల దుకాణంలో దొరికే స్పిరిటు రెండు చుక్కలు చాలు. పెట్రోలు, కిరసనాయిలు, రంగుల థిన్నరు వాడవద్దు. అవి రబ్బరును పాడుచేస్తవి.

ఉంగరాన్ని గుండుసూదితోనో కత్తిమొనతోనో లాగవద్దు. చిన్నగాటు పడినా నీటికి దారి ఇచ్చినట్లే. రెండువేళ్ళతో పక్కలనుంచి నొక్కితే ఒకచోట మడతలేస్తుంది. ఆ మడత కింద పళ్ళపుల్ల దూర్చి మెల్లగా జారించండి. తీసినదాన్ని వెలుతురులో వంచి చూడండి. పగుళ్ళు, చదునైన మచ్చలు, జిగురు కనబడితే మార్చవలసిందే. గ్రీజు పాత రబ్బరుకు యౌవనం తేలేదు.

బాగుంటే బియ్యపుగింజంత గ్రీజు రెండువేళ్ళ నడుమ తీసుకొని, ఉంగరాన్ని దానిలో తిప్పండి. పైన నిగనిగ కనబడాలి, ముద్దలు కనబడరాదు. గాడిలో మెలిలేకుండా కూర్చోబెట్టండి. మరకు మరొక బియ్యపుగింజంత పూసి, మూతను రెండుమూడుసార్లు బిగించి విప్పి, బయటికి వచ్చినదాన్ని తుడిచివేయండి. ఎక్కువ పూస్తే ఎక్కువ రక్షణ అనుకోవడం పొరపాటు. ఎక్కువైన గ్రీజు దుమ్మును పిలిచి కూర్చోబెట్టుకుంటుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది: గొట్టం అంచున రంగులేకుండా మెరిసే లోహపు చుట్టు ఒకటి కనబడుతుంది. కరెంటు నడిచే దారి అదే. దానికీ, స్ప్రింగుకూ, మీటకూ గ్రీజు తగలరాదు. సిలికాన్ గ్రీజు కరెంటును పోనివ్వదు. ఆ అంచును స్పిరిటు గుడ్డతో శుభ్రంగా తుడిచి బిగించండి. మిణుకుమనే టార్చీలలో చాలావరకు ఈ ఒక్క తుడుపుతోనే బాగవుతవి. పని ఐన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి; ఆ వేళ్ళతో టార్చి అద్దాన్ని ముట్టవద్దు.

బాగైనదో లేదో చూడాలంటే, బ్యాటరీ తీసిన గొట్టంలో పలుచని కాగితం ముక్క మడిచి పెట్టి, మూత బిగించి, బకెట్టు నీళ్ళలో అరగంట ముంచండి. తెరిచినప్పుడు కాగితం పొడిగా వుంటే మీరు గెలిచినట్లే. కాని ఈ పరీక్ష, డబ్బా మీద ఐ.పి.ఎక్స్.7 అని గాని 8 అని గాని వున్న టార్చీలకే. 7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట నిలుస్తుందని అర్థం. 4 అని వుంటే చిందే జల్లును తట్టుకుంటుందనే గాని మునగడానికి కాదు.

ఎప్పుడెప్పుడు పూయాలి? ఏడాదికి రెండుసార్లు చాలు. ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి - వానలకు ముందు. దీపావళికి ప్రమిదలు కడిగేటప్పుడు ఒకసారి - వానల తరువాత. ఇలా పండుగకు ముడివేస్తే మరచిపోరు.

పాఠకుల ప్రశ్నలు

మాకు తరచు వచ్చే ప్రశ్నలలో ఈ విషయానికి చెందినవి మూడున్నవి.

మూత ఎంతకీ రాకపోతే ఏమి చేయాలి? పటకారు వేయవద్దు; పలుచని గొట్టం నొక్కుకుపోతుంది. సందులో చిమ్మేనూనె రెండుచుక్కలు వేసి రాత్రంతా వుంచి, పొద్దున రెండుచేతులకూ రబ్బరు తొడుగులు వేసుకొనిగాని, సైకిలు ట్యూబు ముక్క చుట్టిగాని తిప్పండి. బ్యాటరీ లోపల వుండగా మంట మీద కాచడం, మరిగే నీళ్ళలో వేయడం ఎంతమాత్రమూ కూడదు. లిథియం బ్యాటరీ వేడికి పేలి ప్రాణం మీదికి తెస్తుంది.

ప్లాస్టిక్ టార్చికి కూడా పూయాలా? మర సాఫీగా తిరుగుతుంటే అక్కరలేదు. ఉంగరం వుంటే దానికి మాత్రం కొద్దిగా సిలికాన్ గ్రీజు పూయండి. ఖనిజనూనె గ్రీజు వద్దు.

సంచిలో తనంతట తానే వెలిగి బ్యాటరీ ఐపోతున్నది, ఉపాయమేమి? మరకు రంగుపూత గల అల్యూమినియం టార్చి ఐతే వెనుక మూతను పావుచుట్టు సడలించండి. మెరిసే అంచు ఎడమై కరెంటు దారి తెగుతుంది. గ్రీజు సరిగా వున్న మర ఐతే ఆ పావుచుట్టు చీకట్లో ఒంటిచేత్తో కూడా బిగుస్తుంది. ముసలివారి చేతులకు, వేళ్ళ నొప్పులున్నవారికి ఈ సౌకర్యం చిన్నది కాదు. తలగడ పక్కన పెట్టే టార్చిని మాత్రం సడలించవద్దు.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు. ఈ ఆదివారం పగటివేళ, ఇంట్లో వున్న టార్చీలన్నీ బయటికి తీసి చూడండి. ఈసారి ఊరికి వెళ్ళేటప్పుడు అక్కడి పెద్దవారి టార్చిని కూడా తెరిచి తుడిచి, ఒక చిన్న గ్రీజు గొట్టమూ, రెండు ఉంగరాలూ వారికి ఇచ్చి రండి. మిఠాయి పొట్లం పక్కన అవి కూడా వుండవచ్చు.

వచ్చే నెల కుక్కరు గాస్కెట్టును గురించి ముచ్చటిస్తాము. గృహిణులు తమ అనుభవాలు వ్రాసి పంపవలసినదిగా కోరుతున్నాము.